చేతులు వెనక్కి

పెట్టె మూత తెరిచి హాలు మధ్యలో పెట్టేసింది ఆడపడుచు. వాళ్లమ్మ బట్టలు ఒక వరస సర్దింది కూడా. రెండో వరస మొదలుపెట్టబోతూ ఆగి, వదినగారి వైపు చూసింది.

ఆ వదినగారు, అంటే ఈ ఇంటి కోడలు, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చల్లారిపోయిన టీ కప్పు చేతిలో ఉంది. తాగడమూ లేదు, కింద పెట్టడమూ లేదు.

"ఏదో ఒకటి అను వదినా. తిట్టనైనా తిట్టు. గోడలా కూర్చుంటే గోడతో ఎంతసేపని దెబ్బలాడను?"

"దేనికి తిట్టాలి?"

"నిన్న నేనన్న మాటకి."

నిన్నటి మాట చిన్నదేమీ కాదు. మా అమ్మని చంటిపిల్లని చేసి కూర్చోబెట్టావు, చేతులుండీ లేని మనిషిని చేశావు అంది ఆడపడుచు. ఊళ్లోవాళ్ల అమ్మలందరికీ తల దువ్వుకోవడం నేర్పిస్తావు, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి దువ్వెన నీ చేతిలోంచి దిగదేం అంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

"అందులో అబద్ధం లేదుగా," అంది కోడలు.

ఆడపడుచు చేతిలోని శాలువా అలాగే ఉండిపోయింది. దెబ్బలాటకి వచ్చిన మనిషికి అవతలివాళ్లు ఒప్పేసుకుంటే ఎటు తిరగాలో తెలియదు. శాలువా రెండుసార్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

అబద్ధం నిజంగానే లేదు. కోడలిది ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ విభాగం. పక్షవాతం వచ్చినవాళ్లకీ, ఎముకలు విరిగినవాళ్లకీ తమ పనులు తాము మళ్లీ చేసుకోవడం నేర్పే చోటు. ఇప్పుడు ఆమె స్వయంగా నేర్పేది తక్కువ. నేర్పే సహాయకుల్నీ, తోడుండే ఆయాల్నీ, చదువుకోడానికి వచ్చిన పిల్లల్నీ కనిపెట్టి ఉండి, తప్పులు దిద్ది, వాళ్లు చేసినదానికి జవాబుదారీగా నిలబడటమే ఆమె ఉద్యోగం. వచ్చిన ప్రతివాళ్లకీ ఆమె మొదటిరోజు చెప్పే పాఠం ఒకటే. రోగి బొత్తాంతో కుస్తీ పడుతూంటే మీ చెయ్యి ముందుకి పోతుంది. పోనివ్వకండి. మీరు పెట్టిన బొత్తాం ఆయనకి రానట్టే లెక్క.

చెబితే చెయ్యి ఆగదని ఆమెకి తెలుసు. అందుకని చేతికొక మడత తువ్వాలు ఇచ్చేది. రెండు చేతులూ వెనక్కి పెట్టి దాన్ని పట్టుకుని నిలబడాలి. తువ్వాలు కింద పడిందంటే ఆ పిల్ల తొందరపడినట్టే. విభాగంలో పిల్లలు దీని మీద జోకులేసుకునేవారు. పెళ్లయ్యాక మొగుడు షూ లేసులు కట్టుకుంటున్నా తువ్వాలు వెతుక్కుంటామని.

అలాంటి మనిషి ఇంట్లో మాత్రం రోజూ పొద్దున్నే అత్తగారి మొహం తుడిచి, తల దువ్వి, స్వెటర్ బొత్తాలు పెట్టి ఆసుపత్రికి పోయేది. కోడలి భర్త పోయిన కొన్నాళ్లకి అత్తగారు స్నానాలగదిలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు, ఎముక అతుక్కుంది, కాలం గడిచింది. బొత్తాలు మాత్రం కోడలే పెడుతూ వచ్చింది. ఎందుకని ఎప్పుడూ తనని తాను అడగలేదు. భర్త పోయిన దగ్గర్నించి ఆమె ఏదీ అడగడం మానేసింది.

"అమ్మ మాటిచ్చింది," అంది ఆడపడుచు చివరికి. "తన పనులు తను చేసుకోగలిగితే నాతో వస్తానంది. నేను ప్రెస్సుకి పోతే సాయంత్రం దాకా తను ఒక్కతే ఉండాలి. చేతకాదని తేలితే ఈ పెట్టె ఇలాగే మూసేసి పోతాను. కానీ తేల్చేది నువ్వు కాదు."

"నేను కాదు. అయినవాళ్లని మేం పరీక్షించకూడదు. మా విద్యార్థి వస్తోంది. విభాగంలో నాతోపాటు ఉండే థెరపిస్టు సెలవులో ఉంది, వచ్చాక తనూ ఒకసారి చూస్తుంది."

"ఆవిడ సెలవు అయ్యేదాకా నేనాగలేను."

"ఆగమనలేదు. అందుకేగా ఇవాళే రమ్మన్నాను."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అత్తగారు అంతా వింటోందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

విద్యార్థి పొడుగ్గా ఉంటుంది, గుమ్మం దగ్గర తల వంచడం అలవాటు. వెనకాలే విభాగంలో తోడుమనిషిగా పనిచేసే పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు. రోగుల్ని నడిపించేటప్పుడు ఇప్పటికీ "ముందుకి, ముందుకి జరగండి" అంటాడు, అందుకని అందరికీ కండక్టరే. ఎవరైనా తూలితే పట్టుకోవడం ఆయన పని. ఎలా చేశారో చెప్పడం ఆయన పని కాదు. ఆ హద్దు ఆయనకి నేర్పింది కోడలే.

కండక్టర్ చెప్పులు చప్పుడు కాకుండా గోడవారగా విడిచాడు. హాల్లో తెరిచిన పెట్టె కనిపించింది కాబోలు, దాన్ని చూడనట్టే దాటి వచ్చాడు. ఆ మర్యాద కోడలు గమనించింది. ఆయన కుడి చొక్కాచేతి బొత్తాం ఒక్క దారప్పోగుకి వేలాడుతోందని కూడా గమనించింది. వృత్తి అలాంటిది, మనిషి మొహం కన్నా ముందు బొత్తాలు కనిపిస్తాయి.

విద్యార్థి సంచీలోంచి మడత తువ్వాలు తీసి చేతులు వెనక్కి పెట్టుకుంది. తర్వాత కాస్త తటపటాయించి, ఇంకొకటి తీసింది.

"మేడమ్, ఇది మీకు."

"నాకా?"

"మీరే చెప్పారు కదండీ. గదిలో నిలబడే ప్రతివాళ్లకీ అని."

ఆడపడుచు పెదవి చివర నవ్వు లాంటిది మెదిలి పోయింది. కోడలు తువ్వాలు అందుకుంది. ఉతికి ఆరేసిన వాసన. ఇన్నేళ్లలో ఎందరికో ఇచ్చింది గాని ఎవరి చేతిలోంచీ పుచ్చుకోలేదు.

అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. తన చుట్టూ నిలబడ్డవాళ్లని వరసగా చూసి, ఫొటో తీసేవాళ్లలా నిలబడ్డారేమర్రా, నవ్వాలా వద్దా అని అడిగింది. ఎలా ఉండబుద్ధయితే అలా ఉండండి మామ్మగారూ అంది విద్యార్థి. ఊదారంగు స్వెటర్ పక్కనపెట్టి, రోజూ ఇంట్లో ఎలా వేసుకుంటారో అలాగే వేసుకోమంది.

"రోజూ అయితే అమ్మాయి వేస్తుంది."

"ఇవాళ మీరు."

ఎడమచెయ్యి దూర్చింది. కుడిచెయ్యి దూర్చడానికి చాలాసేపు పట్టింది. మొదటి బొత్తాం పట్టుకుంది. అది కాజా అంచు దాకా వెళ్లి జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. మూడోసారి పట్టుకుని, అలసిపోయినట్టు గడ్డం పైకెత్తింది.

ఆ గడ్డం ఎత్తడం రోజూ పొద్దున ఎత్తేదే. పై బొత్తాం పెట్టడానికి వీలుగా ఉంటుందని.

కోడలి వేళ్లకి ఉన్ని తగిలాక గాని తన చెయ్యి ముందుకి వెళ్లిందని ఆమెకి తెలియలేదు. అప్పటికి బొత్తాం కాజాలో దూరింది. తువ్వాలు మడమల దగ్గర పడి ఉంది.

విద్యార్థి చెవులు ఎర్రబడ్డాయి. కింద చూసింది, పైకి చూసింది. తర్వాత, విభాగంలో కోడలు మాట్లాడే గొంతుతోనే, "ఇది లెక్కలోకి రాదండీ, మేడమ్" అంది.

"రాదు," అంది కోడలు.

టీ పెట్టడం కూడా చూడాలి. అత్తగారు కాస్త అలుపు తీర్చుకుంటానంటే కండక్టర్‌ని గదిలో తోడుంచి మిగతావాళ్లు వంటింట్లోకి వెళ్లారు. గట్టు ఎత్తు, గ్యాసు మీట, నేల తడి అన్నీ వంగి చూసుకుంటోంది విద్యార్థి. ఏ పాత్ర పెట్టాలన్న దగ్గర వదినామరదళ్లు వాదన పెట్టుకున్నారు. తర్వాత మాట రాకుండా రోజూ వాడే బరువు గిన్నే పెట్టాలంది ఆడపడుచు. నీ ఇంట్లో ఉన్నటువంటి తేలికది పెట్టాలి కదా, అమ్మ ఉండబోయేది అక్కడైతే, అంది కోడలు. అలా అని నన్ను గెలిపిస్తున్నావా, ఓడిస్తున్నావా అంది ఆడపడుచు.

"గెలుపేముంది ఇందులో?"

"నీకు లేకపోవచ్చు. నాకుంది." ఆడపడుచు గిన్నె మీద మూత మెల్లగా పెట్టింది, అమ్మకి చప్పుడు వినపడకుండా. "మొగుడు పోయాడని నిన్ను అందరూ ఓదార్చారు వదినా. వచ్చినవాళ్లు నా చేతికి కాఫీ గ్లాసులిచ్చి కడగమన్నారు. నాకూ అన్నయ్యే పోయాడు. నేనుండే పైఅంతస్తు ఇంట్లో తాళం తీసుకుని లోపలికి పోతే పలకరించే దిక్కు లేదు నాకు."

కోడలికి ఏదో చెప్పాలనిపించింది. ఏం చెప్పాలో లోపల వెతికింది. చాలాకాలంగా తాళం వేసిన గదిలో దీపం మీట కోసం తడుముకుంటున్నట్టుంది. దొరకలేదు.

"తేలిక గిన్నె పెట్టు," అంది చివరికి. "అదే న్యాయం."

తేలిక గిన్నే పెట్టారు. అయినా అత్తగారు వంటింట్లోకి వచ్చి దాన్ని సగం ఎత్తి, చెయ్యి వణికి దింపేసింది. నీళ్లు కాస్త గట్టు మీద ఒలికాయి. నావల్ల కావట్లేదమ్మా అని విద్యార్థితో అంది. కూతురి మొహం మాత్రం చూడకుండా గదిలోకి వెళ్లిపోయింది.

ఆడపడుచు హాల్లోకి వెళ్లింది. పెట్టెలోంచి బట్టలు తీస్తున్న చప్పుడు వినిపించింది.

కోడలికి ఒళ్లు తేలికైంది. రోజులు, నెలలు రాయిలా ఉన్న చోట ఏదో కదిలి, గుండెల నిండా గాలి ఆడింది. రేపు పొద్దున కూడా ఊదారంగు స్వెటర్ ఉంటుంది. పై బొత్తాం ఉంటుంది. ఆ తేలిక ఏమిటో మరుక్షణమే అర్థమైంది. అత్తగారి చెయ్యి బాగుపడలేదని తను సంతోషిస్తోంది. ఇన్నాళ్లకి కలిగిన సంతోషం అది.

కండక్టర్ గుడ్డ తీసుకుని ఒలికిన నీళ్లు తుడుస్తున్నాడు. ఆయన కుడి చొక్కాచేతి బొత్తాం గట్టిగా, నిటారుగా ఉంది. తెల్ల బొత్తాం. నీలం దారం.

కోడలు దాన్ని చూసింది. తలెత్తితే విద్యార్థి కూడా దాన్నే చూస్తోంది.

"కండక్టర్ గారూ, ఆ బొత్తాం ఎవరు కుట్టారు?"

ఆయన గుడ్డ పిండి, ఆరేసి, చొక్కాచెయ్యి కిందికి లాక్కున్నాడు.

"రోగి ఎలా ఉన్నారో నేను చెప్పకూడదని మీరే అన్నారమ్మా. అందుకని ఊరుకున్నాను. బొత్తాం ఎవరు కుట్టారని అడిగితే మాత్రం చెప్పొచ్చనుకుంటా. అమ్మగారే. ఊడిపోతుంది, ఇలా తే అన్నారు. వద్దంటే వినలేదు."

"సూదిలో దారం?"

"అదీ ఆవిడే. నాకు కళ్లజోడు లేదు."

విద్యార్థి గొంతు తగ్గించింది. "మేడమ్, సూదిలో దారం ఎక్కించి బొత్తాం కుట్టగలిగిన చేతికి బొత్తాం పెట్టుకోవడం రాకపోవడం ఏంటండీ? మరి గిన్నె? నేను బయటికెళ్లి వాళ్లమ్మాయిగారికి ఏం చెప్పాలి?"

అలాంటప్పుడు కోడలు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. నా మొహం చూసి చెప్పకు, నువ్వు చూసింది చెప్పు. వాళ్ల బొత్తాం నువ్వు పెట్టకూడదు, నీ తీర్పు నేను చెప్పకూడదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగు," అని మాత్రం అంది.

అత్తగారు మంచం మీదే ఉంది. కుట్టుపెట్టె దిండు కిందికి సగమే తోసింది, మూతలోంచి నీలం దారం కొస వేలాడుతోంది. కోడలు దాన్ని చూడటం చూసి, ఇంక దాచలేదు.

"ఎప్పణ్ణించి అత్తయ్యా?"

"కట్టు విప్పిన కొత్తలో నిజంగానే రాలేదు. తర్వాత వచ్చింది. నువ్వు ఆసుపత్రికి పోయాక అన్నీ ఊడదీసి పెట్టుకుని చూసుకునేదాన్ని."

"నాకు చెప్పలేదేం?"

అత్తగారు ఒళ్లోని చేతుల వైపు చూసుకుంది. బయట పెట్టె మూత మూసిన చప్పుడయింది.

"వాడు పోయాక నువ్వు గోడకి తిరిగి పడుకున్నావు. పిలిస్తే పలికేదానివి కాదు. నేను పడ్డ రోజున లేచావు. మర్నాడు నా బొత్తాల కోసం లేచావు. లేచినదానివి ఎలాగూ మొహం కడుక్కున్నావు, ఎలాగూ ఉద్యోగానికి పోయావు. సరే, ఇలా కానీ అనుకున్నాను." వేళ్లు ముడిచి విప్పింది. "చేతనైన పని చేతకానట్టు కూర్చోవడం తేలికేం కాదమ్మాయ్. దురద పుడుతుంది చేతులకి."

తనకి ఏడుపు వస్తుందేమోనని కోడలు చూసుకుంది. రాలేదు. ప్రతి పొద్దునా ఆ గడ్డం పైకి లేచిన సంగతి మాత్రం గుర్తొచ్చింది. వణికే వేళ్లతో తను బొత్తాం వెతుక్కుంటూంటే, ఆవిడ తొందరపెట్టకుండా, పైకప్పు వంక చూస్తూ కూర్చునేది. ఎవరు ఎవరికి నేర్పుతున్నట్టు? అత్తగారి చేతిలో తువ్వాలు లేదు, అంతే తేడా.

"చిట్టి కూడా ఒక్కతే ఉంది," అంది అత్తగారు, కూతురి గురించి. "నాకు తెలియదనుకోకు. ఉన్నది ఒక్క మనిషిని, ఇద్దర్నీ ఎలా కాయను? నిన్ను లేపే పని దానికి ఇవ్వలేను, దాన్ని పలకరించే పని నీకు ఇవ్వలేను. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు. నీ విద్యార్థి నీ మాట వింటుంది."

వింటుంది. అక్కడే ఉంది చిక్కు. ఒక్క మాట అంటే చాలు, ఆ పొడుగమ్మాయి తల వంచుకుని, చేతకాదండీ అని హాల్లోకి వెళ్లి చెప్పేస్తుంది. ఇక జీవితమంతా పక్కనున్నవాళ్ల మొహం చూసి చెబుతుంది.

కోడలు హాల్లోకి వచ్చింది, అక్కడున్న విద్యార్థికి ఏం చెప్పాలో చెప్పలేదు. నేల మీద పడ్డ తువ్వాలు అప్పటికే ఎవరో తీసి, దులిపి, కుర్చీ వీపు మీద వేశారు. అందుకుని మడత పెట్టింది. చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

ఆడపడుచు మూసిన పెట్టె మీద కూర్చుని ఉంది. "చెప్పమ్మా," అంది విద్యార్థితో, ఓడిపోయిన గొంతుతో. "తెలిసిందే అయినా, పద్ధతి ప్రకారం చెప్పు."

విద్యార్థి అలవాటుగా మేడమ్ మొహం వైపు తిరగబోయింది. సగంలో ఆపుకుంది.

"అమ్మాయిగారూ, నేను చూసింది రెండు రకాలుగా ఉందండీ," అని మొదలుపెట్టింది.

అంతలో లోపల్నించి అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. స్వెటర్ బొత్తాలన్నీ విప్పేసి ఉన్నాయి. కోడలు పెట్టిన మొదటిది కూడా. రెండు పక్కలూ వేలాడుతూంటే చలికి వణికినట్టు నిలబడింది.

ఆడపడుచు గబుక్కున లేచింది. "అదేంటమ్మా, ఉండు, నేను పెడతా."

"వద్దండీ," అంది విద్యార్థి. గట్టిగా కాదు, కానీ ఆడపడుచు ఆగింది. కండక్టర్ ఒక అడుగు ముందుకి వేశాడు, తూలితే పట్టుకోడానికి వీలుగా.

అత్తగారి కుడిచెయ్యి లేచింది. వేళ్లు వణకలేదు. చూపుడువేలూ బొటనవేలూ పై బొత్తాన్ని పట్టుకుని అక్కడ ఆగాయి. గడ్డం పైకి ఎత్తలేదు. కోడలి వైపు సూటిగా చూసింది.

కోడలి చేతుల్లో తువ్వాలు తాడులా మెలిపడింది.

"రేపు పొద్దున నేను లేస్తానత్తయ్యా," అంది.

రేపేంటి, లేవడం ఏంటని ఆడపడుచు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. లేస్తుందో లేదో కోడలికీ తెలియదు. ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేక, అత్తగారు బొత్తాం పట్టుకుని అలాగే నిలబడింది.